సగం దించిన గేటు

ఆఫీసులో అందరూ ఆమెను వానక్క అంటారు. ఊరి చివర, ఏటి ఒడ్డున ఉన్న మురుగునీటి స్టేషన్‌లో ఆమె ఒక్కతే ఆపరేటరు. ఎండలున్నన్నాళ్ళూ అక్కడ పెద్దగా పనుండదు. గట్టి వాన పడి, ఊళ్ళోని మురుగు గొట్టాలు పట్టలేనంత నీరొస్తే మాత్రం ఆ ఎక్కువ నీరంతా ఇక్కడికే మళ్ళుతుంది. చెత్త వడగట్టి, తొట్టెలో కాసేపు నిలిపి, బ్లీచింగ్ మందు కలిపి ఏట్లోకి వదలాలి. అందుకే మబ్బు పట్టిందంటే చాలు, ఆమెకు ముద్ద దిగదు.

ఆ మధ్యాహ్నం కుండపోతగా కురిసింది. తొట్టె చూస్తుండగానే నిండింది. సరిగ్గా అప్పుడే మందు కలిపే పంపు ఆగిపోయింది. ఆఫీసుకు ఫోన్ చేస్తే, "దారంతా మునిగింది. మనుషులొచ్చేదాకా ఎలాగోలా నెట్టుకురా" అన్నారు.

ఆమె నీళ్ళొచ్చే గేటును సగానికి దించి, మందు డబ్బాలు మోసుకొచ్చి చేత్తోనే పొయ్యసాగింది. నీరు నెమ్మదిగా కదిలితేనే మందు పనిచేస్తుంది. కానీ గేటు దించితే వెనక నీరు ఊళ్ళోకే ఎగదన్నుతుంది. ముందు మునిగేది పల్లపు వీధి. ఆ వీధిలోనే వాళ్ళమ్మ ఉంటుంది.

ఫోన్ మోగింది.

"ఒసేయ్, బాత్రూంలోంచి నీళ్ళు పైకి పొంగుతున్నాయే!"

"అమ్మా, పక్కింటి మేడెక్కు. ముందు బయటికి నడు."

"ఆ గేటు నీ చేతిలోనే ఉంది కదే! కాస్త ఎత్తవే తల్లీ."

ఆమె గేటు చక్రం మీద చెయ్యి వేసింది. దిగువ ఊరు తాగేది ఈ ఏటి నీళ్ళే. చెయ్యి వెనక్కి తీసుకుని, ఆ ఊరి నీటి సరఫరా ఆపరేటరుకు ఫోన్ చేసింది.

"అన్నా, ఏటి నీళ్ళు తీసుకోవడం ఆపెయ్యండి. మురుగు వదలక తప్పేట్టు లేదు."

"ఉన్నపళంగా అంటే ఎలాగమ్మా? ట్యాంకులు నింపుకోవాలి. అరగంట ఆగు."

"అరగంటా! ఇక్కడ మా అమ్మ..." మిగతా మాట మింగేసింది. "సరే అన్నా. ఆపగానే చెప్పండి, మీకు పుణ్యముంటుంది."

మందు పోస్తూనే ఉంది. ఘాటుకు కళ్ళు మండిపోతున్నాయి. అమ్మ ఫోన్ రెండుసార్లు మోగింది, ఎత్తలేదు. ఆ తర్వాత మోగనే లేదు.

"ఆపేశామమ్మా" అన్న మాట చెవిన పడగానే చక్రం గిరగిరా తిప్పింది. నీరు హోరున ఏట్లోకి దూకింది. అమ్మకు ఫోన్ చేస్తే పలకలేదు.

ఆఫీసు మనుషులు రాగానే, బురదలో పడుతూ లేస్తూ పల్లపు వీధికి పరుగెత్తింది. తల్లి పక్కింటి మేడమెట్ల మీద తడిసి ముద్దయి కూర్చుంది. ఇంట్లో మోకాలి లోతు మురుగు.

"ఫోన్ ఎత్తవేం అమ్మా?"

"నీళ్ళల్లో పడింది." తల్లి ఆమె వైపు చూడలేదు. "అంతలా పిలిచాను. వినబడలేదా?"

"వినబడింది."

"మరి?"

"వాళ్ళు తాగే నీళ్ళమ్మా."

నీరు తగ్గాక కూతురు చీర ఎగ్గట్టి ఇల్లు కడుగుతుంటే తల్లి గుమ్మంలో నిలబడి చూసింది. చివరికి, "మంచం కింద వదిలేశావ్" అంది.

ఇప్పుడు మబ్బు పడితే ఆమె ముందు తల్లిని తన ఇంట్లో దింపి, తర్వాతే డ్యూటీకి వెళ్తుంది. అయినా గేటు దించేటప్పుడు ఆ వీధిలో మిగిలిన ఇళ్ళు కళ్ళ ముందు మెదులుతూనే ఉంటాయి.