మొదటి ప్రశ్న: పొయ్యిలు ఎన్ని?

2023 యాసంగి. నాట్లు అయిపోయి, కాలువ కింద వరి పచ్చగా కమ్ముకున్న రోజుల్లో బాన్సువాడలో మా మేడ మీది గదిలోకి ఒకామె కిరాయికి దిగింది. పేరు నకాటో గ్రేస్, దేశం ఉగాండా. హైదరాబాద్‌లో ఒక విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తోంది. నేను పద్దెనిమిదేళ్లుగా ఎన్యూమరేటర్‌ని, అంటే ఇంటింటికీ తిరిగి ప్రశ్నలడిగి జవాబులు రాసుకొచ్చే మనిషిని. టీకాల సర్వే, మరుగుదొడ్ల సర్వే, పంటల సర్వే, చివరికి ఏ సబ్బుతో స్నానం చేస్తారనే సర్వే కూడా చేశాను. ఈ పని ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే గ్రేస్‌తో తిరిగిన ఆ నెలన్నర గురించే చెప్తాను. అందులో తప్పు చేసింది నేనే కాబట్టి బాగా గుర్తుంది.

బయటి నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళ బతుకు, అక్కడే పుట్టి పెరిగినవాళ్ళ బతుకు, రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎవరెంత బాగున్నారన్నది గ్రేస్ పరిశోధన. మొదటి సగం ఇంగ్లాండులో ఒక పట్టణంలో చేసింది. ఉగాండా నుంచి అక్కడికి వెళ్ళిన కుటుంబాల్నీ, వాళ్ళ ఇరుగుపొరుగు స్థానికుల్నీ కలిసింది. రెండో సగానికి మా ప్రాంతాన్ని ఎంచుకుంది. కాలువ నీళ్ళు వచ్చాక కోస్తా నుంచి వచ్చి, ఇక్కడ భూములు కొనుక్కుని, ఊళ్ళు కట్టుకున్న రైతులు మా దగ్గర చాలామంది ఉన్నారు. ఆ ఊళ్ళని మేం ఇప్పటికీ క్యాంపులనే అంటాం. మూడు తరాలు గడిచినా వాళ్ళు క్యాంపోళ్ళే, మేం ఊరోళ్ళమే.

నేను ఊరోళ్ళ ఆడబిడ్డని. దాచడమెందుకు, మా నాయన అమ్ముకున్న నాలుగెకరాలు కొన్నది వర్ని వైపు క్యాంపువాళ్ళు. బస్సు ఆ పొలం పక్కనుంచి పోతుంటే మా అమ్మ కిటికీ వైపు నుంచి ముఖం తిప్పుకునేది. నాకూ ఆ అలవాటు కొంచెం వచ్చింది.

మొదటి రోజు గ్రేస్ నాకు శిక్షణ ఇచ్చింది. మా మాటల్లో సగం ఇంగ్లీషు, సగం చేతి సైగలు. ఇక్కడ తెలుగులోనే రాస్తున్నాను. షెడ్యూల్ అంటే ప్రశ్నల పత్రం. అందులో మొట్టమొదటి ప్రశ్న: ఈ ఇంట్లో పొయ్యిలు ఎన్ని? మా పనిలో హౌస్‌హోల్డ్ అంటే ఇల్లు కాదు. ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్ళంతా కలిసి ఒక హౌస్‌హోల్డ్. ఒకే కప్పు కింద మూడు పొయ్యిలుంటే మూడు ఫారాలు రాయాలి. పద్దెనిమిదేళ్ల అనుభవం ఉన్నదాన్ని, నాకు నవ్వొచ్చింది.

"ఇది నాకు తెలుసు గ్రేస్" అన్నాను.

"తెలిసినా అడగాలి శోభా. ప్రతి ఇంట్లో, నోరు తెరిచి అడగాలి" అని ఆ ప్రశ్న చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసింది. ఆమె నేర్చుకున్న మొదటి తెలుగు మాట కూడా 'పొయ్యి'. నీళ్ళు, అన్నం, బస్సు ఆ తర్వాతే.

ముందు పిట్లం వైపు ఒక ఊళ్ళో మొదలుపెట్టాం. అరుగు మీద కూర్చున్న ఒక అవ్వ గ్రేస్‌ని కిందనుంచి మీదికి చూసి, "గీ అమ్మ ఏ ఊరామెనే శోభా?" అంది.

"ఉగాండా, అవ్వా."

"గదేడుంది? మద్నూర్ అవుతలనా?"

మద్నూర్ దాటితే మహారాష్ట్ర. అవ్వకి తెలిసిన ప్రపంచం అక్కడితో సరి. నేను ఇంగ్లీషులో చెప్తే గ్రేస్ పగలబడి నవ్వి, "అవును, మద్నూర్ నుంచి కొంచెం ముందుకు" అని చెప్పమంది. ఆ రోజు నుంచి ఆ వీధిలో ఆమె గ్రేసమ్మ అయిపోయింది. కుర్చీ వేస్తే కూర్చునేది కాదు. అవ్వ పక్కనే అరుగు మీద కూర్చుని, అడిగిన ప్రశ్నకి జవాబు వచ్చేదాకా తొందరపెట్టకుండా ఆగేది. నేనైతే జవాబు ఆలస్యమైతే రెండు జవాబులు నేనే అందిస్తాను. ఆమె ఓపిక చూస్తే ముచ్చటేసేది, కాస్త ఒళ్ళు మండేది కూడా.

ఊళ్ళో నేను పొయ్యిల ప్రశ్న సరిగ్గానే అడిగాను. ఏ అన్నదమ్ములు ఏరుపడ్డారో, ఏ తోడికోడళ్ళు పండగ పూట మాట పట్టింపు వచ్చి వేరు వండుకుంటున్నారో నాకు ముందే తెలుసు. కాబట్టి అడగడం తేలికైంది.

తర్వాత వర్ని వైపు క్యాంపు. అక్కడ ఇద్దరం పని పంచుకున్నాం. గ్రేస్ ఇంగ్లీషు వచ్చిన ఒక కుర్రాణ్ణి తోడు తీసుకుని పొలాల్లో పనిచేసేవాళ్ళతో మాట్లాడుతుంటే ఇళ్ళ ఫారాలు నేను రాశాను. పెద్ద ఇనుప గేట్లు, గచ్చు వాకిళ్ళు, ట్రాక్టర్ షెడ్లు. ఒక గేటుకి ఒక ఫారం రాసుకుంటూ పోయాను. ఇంటిపెద్ద ఎదురొచ్చి ఎకరాలు చెప్తే రాసుకున్నాను. పొయ్యిల గడిలో అడక్కుండానే 'ఒకటి' వేశాను. ఇంత పెద్ద ఇంట్లో ఎవరెలా బతుకుతున్నారో నాకు తెలియకపోవడమేంటి అనుకున్నాను. నలభై గేట్లకీ అదే పని.

గ్రేస్ అంకెలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించి ఒకరోజు నాకు తెరమీద ఒక్కో హౌస్‌హోల్డ్‌కి సగటున ఎంత ఉందో చూపే రెండు గీతలు చూపించింది. క్యాంపు గీత ఊరి గీతకి రెట్టింపు ఎత్తు ఉంది.  వెంటనే, "నేను మొదటినుంచీ చెప్తున్నదే కదా" అన్నాను. ఆ సాయంత్రం మా అమ్మకి కూడా చెప్పాను. నిజం చెప్పాలంటే నాకు సంతోషమేసింది.

గ్రేస్‌కి ఫెలోషిప్ డబ్బులు మార్చి నెలాఖరు దాకానే. ఆలోపు రాతప్రతి గైడ్‌కి పంపకపోతే ఇన్నేళ్ల చదువు మధ్యలో ఆగిపోయేలా ఉంది. సోమవారం పంపుతానని గైడ్‌కి మాటిచ్చింది కూడా. దానికి ముందు ఒక్క పని మిగిలింది: బ్యాక్‌చెక్. పూర్తయిన ఇళ్ళలో కొన్నిటికి మళ్ళీ వెళ్ళి, రాసింది సరైనదేనా అని చూసుకోవడం. చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేసి, నన్నే తీయమంది. నా చేతికి వచ్చిన మొదటి చీటీ వెంకట్రావు గారి ఇల్లు. క్యాంపులో మొదటి వీధి, పన్నెండెకరాలు.

మేం వెళ్ళేసరికి మధ్యాహ్నమైంది. వెంకట్రావు గారి భార్య లక్ష్మి గారు భోజనం చేస్తే గాని కదలనివ్వనని పట్టుబట్టింది. పీటలు వేసి విస్తరాకులు పరిచింది. పప్పు వడ్డిస్తుండగా వెనక వాకిలి నుంచి ఒకామె వచ్చింది. యాభై దాటిన మనిషి, చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఉంది. చేతిలో గిన్నెడు గోంగూర పచ్చడి.

"చుట్టాలొచ్చారంటగా, ఇప్పుడే నూరాను" అని గిన్నె లక్ష్మి గారికి ఇచ్చింది.

లక్ష్మి గారు పచ్చడి వేరే దాంట్లోకి తీసి, ఆ గిన్నె కడిగి, అందులో పప్పు పోసి తిరిగి ఆమె చేతికిచ్చింది. మనకిది మామూలే. ఎవరింటి గిన్నె అయినా ఉత్తది తిరిగి పంపం కదా. నేను చూస్తూనే తింటున్నాను. గ్రేస్ మాత్రం తినడం ఆపేసి ఆ గిన్నె వంకే చూసింది. వెనక నుంచి నిండుగా వచ్చిన గిన్నె, మళ్ళీ నిండుగా వెనక్కి పోతోంది.

"లక్ష్మి గారూ, పొయ్యి... ఎన్ని?" అని తనకొచ్చిన తెలుగులో అడిగింది.

"మూడండి" అంది లక్ష్మి గారు, ఏ అరమరికా లేకుండా. "మాదొకటి. మా చిన్న మరిదిది ఆ పక్క వాటాలో. ఇప్పుడు పచ్చడి తెచ్చిన మా సుబ్బాయమ్మది వెనకాల షెడ్డులో. మా రెండో మరిది భార్యండి. ఆయన పోయిన రెండేళ్ళకి వేరే వండుకోవడం మొదలెట్టింది. ఈ పన్నెండెకరాల్లో మాది అయిదే. చిన్న మరిదిది మూడు. తతిమ్మాది కౌలు."

గ్రేస్ నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. తలవంచుకుని పుస్తకంలో 'మూడు' అని రాసుకుంది. 

తిరుగు దారిలో స్కూటీ నడుపుతూ లెక్కలేసుకున్నాను. ఆ ఒక్క ఇంటిలోనే పొరపాటు జరిగిందని చెప్పేయొచ్చు. మిగతా చీటీల్లో క్యాంపు ఇళ్ళు రాకపోతే ఎవరికీ తెలియదు. సోమవారం రాతప్రతి వెళ్ళిపోతుంది, ఆమె పట్టా ఆమెకొస్తుంది, నా పేరు నాకుంటుంది. కాలువ వంతెన దగ్గరికి వచ్చేదాకా ఇలా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అక్కడ బండి ఆపేశాను.

"ఒక్కటి కాదు గ్రేస్. నలభై గేట్లలో ఎక్కడా అడగలేదు. అన్నిటికీ ఒకటని వేశాను."

ఆమె బండి దిగి కాలువ గట్టు మీద కూర్చుంది.  తర్వాత వాళ్ళ పిన్ని గురించి చెప్పింది. పిన్ని ఇంగ్లాండులో ఉండేది. ఒక్క కిరాయి ఇంట్లో నాలుగు ఉగాండా కుటుంబాలు, గదికొకటి చొప్పున. గది మూలలో తలా ఒక కరెంటు పొయ్యి. సర్వే చేసే మనిషి వచ్చి, వీధి తలుపు ఒక్కటే ఉంది కాబట్టి ఒకే కుటుంబమని రాసుకుపోయాడు. నాలుగు జీతాలూ ఒకే ఇంటి జీతాలయ్యాయి. ఉగాండా వాళ్ళు స్థానికుల కంటే బాగున్నారని నివేదిక వచ్చింది. వాళ్ళు పనికి వెళ్ళినప్పుడు పిల్లల్ని ఉచితంగా చూసుకునే కేంద్రం అక్కడ ఉండేది. బాగున్నవాళ్ళకి ఇదెందుకని దాన్ని ఎత్తేశారు. పిన్ని పని మానేసి ఇంట్లో కూర్చుంది.

"కాగితం మీద మనం గొప్పవాళ్ళమయ్యాం అని పిన్ని ఏడ్చింది. నేను ఈ చదువు మొదలుపెట్టింది అందుకే" అంది గ్రేస్.

నాకు నిజంగా ఏడుపొచ్చింది. "నా మీద కోపం రావట్లేదా?" అన్నాను.

"వస్తోంది, బాగా వస్తోంది. రేపు ఆరింటికి బయల్దేరదాం."

సోమవారం రాతప్రతి వెళ్ళలేదు. ఇంతవరకు చేసిన పోలిక తప్పని, మళ్ళీ తిరుగుతున్నానని ఆమె గైడ్‌కి ఉత్తరం రాసింది. ఎవరి వల్ల తప్పని మాత్రం రాయలేదు. అలాంటి మనిషిని నేను నా ఉద్యోగంలో అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. పన్నెండు రోజులు ఎండలో తిరిగాం. నలభై గేట్ల వెనక రెట్టింపుకి పైగా పొయ్యిలు తేలాయి. క్యాంపులో కొందరు నిజంగానే బాగున్నారు, ఆ మాటా రాశాం. కౌలు పొలం తప్ప గుంట భూమి లేనివాళ్ళూ ఉన్నారు. వాళ్ళకి భూమి కౌలుకిచ్చి ఊళ్ళో హాయిగా ఉన్న మా చుట్టాలూ ఉన్నారు. తెరమీద గీతలు రెండూ దగ్గరికి జరిగాయి. ఇంకా కొంత తేడా ఉంది గాని, నేను కోరుకున్నంత లేదు. మార్చి ముప్పైన గ్రేస్ రాతప్రతి పంపింది. మరుసటి ఏడాది ఆమెకి పట్టా వచ్చింది.

ఆ పన్నెండు రోజుల్లో చివరి ఫారం సుబ్బాయమ్మది. గ్రేస్ పక్క వీధిలో ఉంది, నేనొక్కదాన్నే వెళ్ళాను. రేకుల షెడ్డు, రెండు గేదెలు. నాట్లప్పుడు కూలికి పోతుంది. భూమి లేదు, ఉన్నది భర్త జబ్బుకే కరిగిపోయింది. అన్నీ రాసుకున్నాక చివరగా నిచ్చెన ప్రశ్న అడిగాను. పది మెట్ల నిచ్చెన ఉందనుకోండి, పదో మెట్టు మీద బతుకు చాలా బాగున్నవాళ్ళు, మొదటి మెట్టు మీద ఏమీ బాగాలేనివాళ్ళు, మీరు ఎన్నో మెట్టు మీద ఉన్నారు అని. వెంకట్రావు గారు ఆ పొద్దున నాలుగన్నారు.

"ఎనిమిదమ్మా" అంది సుబ్బాయమ్మ.

ప్రశ్న అర్థం కాలేదేమో అనుకున్నాను. మళ్ళీ చెప్పాను. మళ్ళీ ఎనిమిదే అంది. నా పెన్ను అప్పటికే 'మూడు' వేయడానికి కాగితం మీదికి వంగింది.

"అట్లెందుకు అన్నరమ్మా?" అని అడిగాను.

"ఆయన పోయాక రెండేళ్ళు వాళ్ళ పొయ్యి మీదే తిన్నానమ్మా. ఒక్క మాట అన్లేదు, మంచోళ్ళే. అయినా ఇంకో ముద్ద అడగడానికి నోరొచ్చేది కాదు. ఇప్పుడు నాకు ఆకలైతే నేనే వండుకుంటున్నా, కడుపునిండా తింటున్నా. ఎవరన్నా వస్తే ఇంత పెట్టగలుగుతున్నా. ఎనిమిది చాలదా?"

ఎనిమిది అని రాశాను. ఎదుటి మనిషి బతుకు నాకు ముందే తెలుసనుకుని ఇన్నేళ్లలో ఎన్ని గడులు నింపానో అని అక్కడే కూర్చుని భయపడ్డాను. అప్పటినుంచి ఏ ఇంట్లోనూ అడక్కుండా ఒక్క గడి నింపలేదు. వచ్చిన జవాబు నమ్మబుద్ధి కాకపోయినా అదే రాస్తున్నాను.

వస్తుంటే సుబ్బాయమ్మ గిన్నెడు గోంగూర పచ్చడి చేతిలో పెట్టింది. రాత్రి మా అమ్మ రొట్టెలోకి వేసుకుని, "పుంటికూర తొక్కు మంచిగ నూరిండ్రే. ఎవలిచ్చిండ్రు?" అంది.

"క్యాంపుల ఒకామె. మన పొలం దాటినంక వస్తదే, ఆ క్యాంపు."

అమ్మ తినడం మాత్రం ఆపలేదు.

పొద్దున నేను ఆ గిన్నె కడిగి సంచిలో పెట్టుకుంటుంటే వంటింట్లోంచి కేకేసింది. "ఓ పిల్లా, ఉత్త గిన్నె ఎట్లిస్తవే? నీకేమన్న ఎర్కున్నదా? ఇటు తే."

అప్పుడే చేసిన సర్వపిండి ముక్కలు ఆ గిన్నెలో నిండుగా సర్ది, పైన మూత పెట్టి నా చేతికిచ్చింది.