నిండు జడ

మా తోటికోడలు పోయిన శుక్రవారం ఆళ్లగడ్డలో మా ఇంట్లోనే చనిపోయింది. "పుణ్యాత్మురాలు, నిండు జడతో ముత్తైదువగా పోయింది" అని ఊరంతా మెచ్చుకుంది. ఆ మాటకు నా ఒళ్లు మండింది. నాకు అక్షరం రాదు. నేను చెబుతున్నాను, రాసేవాళ్లను ఉన్నదున్నట్టు రాయమన్నాను.

ఆమె మా మరిది భార్య. మోకాళ్ల దాకా జుట్టు. పొద్దున్నే గడప మీద కూర్చుని దువ్వుకునేది. రాలిన వెంట్రుకలను ఉండ చుట్టి గోడ సందులో దాచేది, పిన్నీసులమ్మే ఆమె వస్తే ఇచ్చి పిన్నీసులు తీసుకోవడానికి. "నా తలకాయ పిన్నీసులకు తప్ప దేనికీ పనికిరాదక్కా" అని నవ్వేది.

నిరుడు తలనొప్పి మొదలైంది. లేస్తూనే వాంతులు. నడిస్తే తూలేది. గాలి సోకిందని పసుపు కొమ్ము కాల్చి కణతలకు వాతలు పెట్టింది నేనే. పళ్లు బిగబట్టి ఓర్చుకుంది. తగ్గలేదు. నంద్యాల డాక్టరు కళ్లలోకి దీపం వేసి చూసి, మద్రాసుకు పొమ్మన్నాడు. రాష్ట్రం విడిపోయి మద్రాసు పరాయిదైనా, పోయాం. అక్కడ తేలింది, మెదడులో నీటి తిత్తి అని.

"పుర్రె సాగదమ్మా. తిత్తి పెరిగేకొద్దీ మెదడు నలుగుతుంది. ఎముక తెరిచి తీసేస్తే బతకొచ్చు" అన్నారు అక్కడి డాక్టర్లు.

నిండు కుండలో ముంతను కూరితే ఏమవుతుందో నాకు తెలియదా? అర్థమైంది. కానీ ముందు గుండు గీయాలన్నారు.

మరిది వేలిముద్ర వేయబోతూ నా వైపు చూశాడు. "ఏందంటావు వదినా?"

"మొగుడు బతికుండంగానే గుండా? తిరపతిలో ఇచ్చినట్టు మూడు కత్తెర్లిస్తాం, సరిపెట్టుకోమను" అన్నాను.

మంచం మీద నుంచి ఆమె అంది: "దేవునితో ఆడే బేరం డాక్టరుతోనా అక్కా? ఎంట్రుకలు మళ్లా మొలుస్తాయి. తల మొలుస్తాదా?"

"నోర్ముయ్" అని ఇంటికి తెచ్చాను.

రెండు నెలలకు చూపు పోయింది. అప్పుడు నేనే "గీయండి, ఏమన్నా గీయండి" అంటూ ఆమెను తీసుకుని నంద్యాలకు పరుగెత్తాను. "ఇప్పుడు మద్రాసు దాకా తట్టుకోలేదమ్మా" అన్నాడు డాక్టరు. కాళ్లు పట్టుకున్నాను. ఆయన మాత్రం ఏం చేస్తాడు?

తిరుగు బస్సులో నా ఒడిలో పడుకుని తల తడుముకుంది. "జడ ఇంకా ఉందే, అక్కా" అంది.

తలలో తిత్తి అని డాక్టరు చెబితే మంగలిని పిలవండి. నాలాంటి పెద్దలను అడగొద్దు.

నిన్న పిన్నీసులామె వీధిలో కేకేసింది. గోడ సందులో చేయి పెట్టాను. ఉండ మెత్తగా తగిలింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా చేయి తీయలేదు.