లాంతరు మనిషిని బతికించాలని

ఆరో నెలలో కడుపు పోయాక స్కూలు వాళ్ళు నాకు నలభై రోజులు సెలవిచ్చారు. అప్పుడు నేను శ్రీకాకుళంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయన విశాఖపట్నం అవతల మందుల కంపెనీలో పని చేసేవాడు. శనివారం సాయంత్రం ఆమదాలవలసలో రైలు దిగి ఇంటికొచ్చి, సోమవారం తెల్లవారే వెళ్ళిపోయేవాడు. మిగతా రోజుల్లో ఇంట్లో నేనూ మా అత్తయ్యా ఇద్దరమే. ఆవిడ మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి రిటైరైన మనిషి.

అంతకు ముందు ఏడాది మూడో నెలలో ఒకసారి పోయింది. దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు, నేను కూడా. ఇది అలాంటిది కాదు. ఇది నా లోపల కదిలింది. ఆ రోజు పొద్దున్నుంచే నడుం నొప్పి ఉంది. పరీక్ష పేపర్లు దిద్దాల్సినవి ఉన్నాయని స్కూలుకు వెళ్ళి సాయంత్రం దాకా ఉన్నాను. ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. పొద్దున్నే వచ్చి ఉంటే దక్కేదా అని డాక్టరమ్మను అడిగితే, చెప్పలేం అంది. ఆ ఒక్క మాట పట్టుకుని నేను రోజంతా తిరిగేదాన్ని.

బిడ్డను నాకు చూపించలేదు. నేను మత్తులో ఉండగానే అత్తయ్య బట్టలో చుట్టి తీసుకెళ్ళింది, మా ఆయన వెంట వెళ్ళాడు. ఆడో మగో నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. చర్చి ఆడవాళ్ళు వచ్చి నా మంచం చుట్టూ కూర్చుని ప్రార్థన చేశారు. అంతా దేవుని చిత్తం అన్నారు. వాళ్ళు వెళ్ళాక బాత్రూంలో కుళాయి తిప్పి ఏడ్చాను.

నేను గోడకేసి తిరిగి పడుకోవడం చూడలేక మా ఆయన ఒక ఆదివారం తన కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. ఇంజనీరింగ్ రోజుల నుంచి ఆడుతున్న ఆన్‌లైన్ ఆట అది. కోటలు, గనులు, మాంత్రికులు, రాక్షసులు. నా కోసం వైద్యం చేసే పాత్ర ఒకటి తయారు చేశాడు. నేనెవరినీ కొట్టక్కర్లేదట. వెనకాల నిలబడి మిగతావాళ్ళ ప్రాణం తగ్గకుండా చూసుకుంటే చాలట. ఏం చెప్తున్నాడో అతనికి తట్టలేదు. నాకూ ఆ పూట తట్టలేదు.

ఆ ఆటలో డంజన్లని ఉంటాయి. ఐదుగురు కలిసి ఒక గుహలోకో పాడుబడ్డ కోటలోకో వెళ్ళి, చివర ఉన్న పెద్ద రాక్షసుణ్ణి చంపి రావాలి. ఒకడు ముందు నిలబడి దెబ్బలు తింటాడు, ముగ్గురు కొడతారు, ఒకరు వైద్యం చేస్తారు. ఏ దేశంవాళ్ళో, ఎవరి మొహం ఎవరికీ తెలీదు. తెర ఎడమ పక్కన ఐదు పచ్చ గీతలుంటాయి, అవే ఐదుగురి ప్రాణాలు. గీత తగ్గినప్పుడల్లా నేను మంత్రం వేస్తే మళ్ళీ నిండుతుంది. వారం తిరక్కుండా చేయి కుదిరింది. మధ్యాహ్నాలు రెండేసి డంజన్లు చేసేదాన్ని. ఎవరూ చావకుండా బయటికొస్తే కాసేపు ఊపిరాడేది. ఒకసారి రాక్షసుడి ముందు ఉండగా కరెంటు పోయింది. నా వల్ల నలుగురు చచ్చారనుకుంటూ కరెంటు వచ్చేదాకా చీకటి తెర ముందే కూర్చున్నాను.

డంజన్లు కాక కథ ఒకటి ఉంటుంది, అది ఒంటరిగా ఆడాలి. గని కూలిపోయి లోపల చిక్కుకున్న ఊరివాళ్ళ కోసం వెళ్ళే కథ. దారి చూపించడానికి ఒక ముసలి కాపలాదారు లాంతరు పట్టుకుని ముందు నడుస్తాడు. కుంటుతాడు. చప్పగా ఉండే హాస్యాలాడతాడు. నేను మంత్రం వేసినప్పుడల్లా ఆగి, వెనక్కి తిరిగి, నీ చేయి చల్లగా ఉండాలి అన్నట్టు ఇంగ్లీషులో ఏదో అంటాడు. మూడు రోజులు అతని వెనకే నడిచాను. గని అడుగున కొయ్య వంతెన దగ్గర పైనుంచి బండ పడి అతని ప్రాణం సగానికి తగ్గింది. మంత్రం వేశాను, గీత నిండలేదు. మళ్ళీ వేశాను. గీత అలా తగ్గుతూనే పోయింది. లాంతరు పక్కన పెట్టి, ఊరివాళ్ళను చూడమని చెప్పి చనిపోయాడు. కథ ముందుకు జరిగిపోయింది.

నేను ఆలస్యం చేశాననుకున్నాను.

ఒకసారి అయిపోయిన కథ అదే పాత్రతో మళ్ళీ ఆడనివ్వదు. అందుకని కొత్త పాత్రను తయారు చేసుకుని మొదటి నుంచీ మొదలుపెట్టాను. వంతెన దాకా రావడానికి రెండు రోజులు పట్టింది. ఈసారి బండ పడకముందే మంత్రం వేశాను. చచ్చిపోయాడు. ఇంకో పాత్ర. ఈసారి వంతెన ఎక్కనివ్వకుండా అడ్డంగా నిలబడ్డాను. నా లోంచి నడిచిపోయి చచ్చిపోయాడు. లెక్కల టీచర్ని కదా, పాత నోటు పుస్తకం తీసి ఏ సెకనుకు ఏం జరుగుతోందో రాసుకున్నాను. గీత ఎంత వేగంగా తగ్గుతోంది, నా మంత్రం ఎంత ఇస్తోంది, తేడా ఎక్కడ ఉంది అని. నెట్‌లో వెతికితే జవాబు దొరికేదే. ఆ జవాబంటే భయమేసి వెతకలేదు. స్నానం రెండు రోజులకొకసారి అయింది. అత్తయ్య అన్నం, చేపల పులుసు కలిపి కీబోర్డు పక్కన పెట్టి వెళ్ళేది. సాయంత్రం ఆ పళ్ళెం అలాగే తీసుకెళ్ళేది.

నాలుగో వారం, ఆదివారం పొద్దున, చర్చికి తయారవుతూ మా ఆయన కంప్యూటర్ తెరిచి నా పాత్రల వరస చూశాడు. ఏడు పాత్రలు. ఏడూ వైద్యం చేసేవే, ఏడూ వంతెన దాటి ఆగిపోయినవే. ఎనిమిదోది వంతెనకు కొంచెం ఇవతల ఉంది. వేలితో ఒక్కొక్కటీ లెక్కపెట్టి నెమ్మదిగా అన్నాడు.

"ఈ లాంతరోడు సచ్చిపోడానికే ఉన్నాడు. ఎవులాడినా సచ్చిపోతాడు. కథ అలాగ రాసీసినారు."

"అయితే ఇది కూడా దేవుని చిత్తమే అంతావా?"

నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. చేతిలో ఉన్న నోటు పుస్తకం అతని మీదకు విసిరాను. అతని పెదవికి తగిలి నెత్తురొచ్చింది. అతను తుడుచుకోలేదు. ఒంగి పుస్తకం తీసి బల్ల మీద పెట్టి ఒక్కడే చర్చికి వెళ్ళిపోయాడు.

అత్తయ్య చీర మార్చుకుని, బైబిలు చేత్తో పట్టుకుని గుమ్మంలో ఉంది. జ్వరమొచ్చినా ఆదివారం ఆరాధన మానని మనిషి. బైబిలు అల్మారాలో పెట్టి, కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"ఏదీ, నాకూ సూపించు," అంది.

ఆడాను. లాంతరు మనిషి ఏమంటున్నాడో అడుగుతూ ఉంటే తెలుగులో చెప్తూ వచ్చాను. మన చర్చి వాచ్‌మేన్‌లాగున్నాడే అంది ఒకసారి. వంతెన వచ్చింది. బండ పడింది. నేను మీటలు నొక్కుతూనే ఉన్నాను. ఆవిడ తెర వైపు చూడడం మానేసి నా వేళ్ళు చూస్తోంది. గీత అయిపోయింది. అతను లాంతరు పక్కన పెట్టాడు.

"నువ్వు సెయ్యి తియ్యనేదు," అంది ఆవిడ. "నాను సూసినాను. మందు ఎక్కనేదు, అంతే."

తర్వాత నాకెప్పుడూ చెప్పనివి చెప్పింది. వార్డులో ఎన్నిసార్లు ఊపిరందని బిడ్డ నోటికి తన నోరు పెట్టి ఊదిందో, పెద్ద డాక్టరు వచ్చి ఇక చాలమ్మా అన్నాక కూడా ఎంతసేపు ఊదేదో, ఇంటికొచ్చి ఎవరికీ చెప్పకుండా ఎలా అన్నం వండుకునేదో. చెప్తున్నంతసేపూ ఆవిడ కళ్ళు పొడిగానే ఉన్నాయి. నాకు ధైర్యమేమీ రాలేదు. అడగాల్సింది మాత్రం నోటికొచ్చింది.

"ఆడా, మగా?"

"ఆడపిల్ల."

"ఎక్కడ పెట్టేరు?"

ఆవిడ లేచి చెప్పులు వేసుకుంది.

ఆటోలో ఊరి చివర మా సంఘం సమాధుల తోటకు వెళ్ళాం. అత్తయ్య ఆటోలోంచే మా ఆయనకు ఫోన్ చేసింది. పెద్ద సమాధులు దాటి వెనక గోడ పక్కకు తీసుకెళ్ళింది. పేర్లు పెట్టకుండా పోయిన పిల్లల్ని అక్కడ పెడతారు. రాయి ఉండదు, మట్టి దిబ్బ ఒక్కటే. ఈ మధ్య పడిన వానకు దిబ్బలన్నీ కరిగి, మీద గడ్డి లేచింది. ఆవిడ ఒకదాని దగ్గర ఆగింది. రెండడుగులు పక్కకు వేసి ఇంకోదాని దగ్గర ఆగింది. మళ్ళీ మొదటి దానికి వచ్చింది. నేను ఆవిడ మొహం చూస్తున్నాను.

"ఇదో, అదో," అంది చివరికి. "ఆ దినం నాకు కళ్ళు కనబడనేదే అమ్మా. సరిగ్గా సూడనేదు."

అక్కడే కూలబడి ఏడ్చింది. ముప్పై ఏళ్ళు ఎంతోమంది పిల్లల్ని చేతుల్లోకి తీసుకున్న మనిషి, సొంత మనవరాలిని ఎక్కడ పెట్టిందో తెలీక, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆవిడను ఎలా పట్టుకోవాలో నాకు తెలీలేదు. వీపు మీద చేయి వేసి ఉంచాను.

మా ఆయన చర్చి నుంచి బండి మీద నేరుగా వచ్చాడు. పెదవి వాచి ఉంది. అతనైనా చెప్తాడని ఇద్దరం అతని వైపు చూశాం. గోడ వైపు, దిబ్బల వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు. గొయ్యి తవ్వుతుంటే తను అటు తిరిగి నిలబడ్డానని చెప్పాడు. నేను క్షమించమని అడగలేదు, అతనూ అడగలేదు.

సెలవు అయ్యాక స్కూలుకు వెళ్ళాను. ఆ తర్వాత మాకు పిల్లలు కలగలేదు. ఆటలో ఆ గని కథ మళ్ళీ ముట్టుకోలేదు. ఆదివారాలు అతనూ నేనూ ఒకే జట్టులో డంజన్లకు వెళ్తుంటాం. అతను చచ్చిన రోజులూ ఉన్నాయి. అప్పుడు నవ్వుతాడు. నాకు ఇప్పటికీ నవ్వు రాదు.

సమాధుల తోటలో ఆ రోజు మాత్రం ముగ్గురం రెండు దిబ్బల మధ్య కూర్చున్నాం. రెండిటి మీదా గడ్డి పీకాం. ఒకటి మనది కాదు కదా, వేరే ఎవరి బిడ్డో అని మా ఆయన అన్నాడు. అయితే అవనీ అంది అత్తయ్య. ఎండ నెత్తి మీదికొచ్చేదాకా పీకుతూనే ఉన్నాం.