తొక్కకుండా ఎంత దూరం

రాహేలమ్మ సోమశిల చేపలను సైకిలు మీద ఆత్మకూరు దాకా తీసుకుపోయి అమ్ముతుంది. మొగుడు చనిపోయాక నేర్చుకుంది సైకిలు. చీర ఎగదోపుకుని తొక్కుతుంటే మొదట్లో నవ్వినవాళ్లే తర్వాత ఆమె బెల్లు కోసం వాకిట్లో కాచుకునేవాళ్లు. ఆ సంపాదనతోనే కూతురు మధులతను పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివించింది.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుకు మధులత సైకిలు టైర్లను ఎంచుకుంది. టైరు దొర్లేటప్పుడు మనం పెట్టే బలంలో కొంత వృథా అవుతుంది. అది ఎంతో కొలవాలి. ల్యాబులో మోటారుతో తిరిగే నున్నటి ఇనుప డ్రమ్ముకు టైరును అదిమిపెట్టి చూసింది. గాలి ఎంత గట్టిగా కొడితే టైరు అంత సులువుగా తిరిగింది.

"రోడ్డు మీద కూడా ఇట్నే వస్తుందంటావా?" అని అడిగింది లెక్చరర్ సుధారాణి.

సోమశిల దారిలో ఒక వాలు చూసుకున్నారు. పైనుంచి తొక్కకుండా వదిలితే సైకిలు ఎంత దూరం పోయి ఆగుతుందో చూడాలి. క్లాసు పిల్లలతో కుదరలేదు. వేగం అందుకోగానే ఒకడు బ్రేకు పట్టేవాడు, ఇంకొకడు కాలు కింద పెట్టేవాడు.

"నేను కూర్చుంటాలేమ్మే," అంది రాహేలమ్మ.

"కదలగూడదు మా. బ్రేకు ముట్టుకోగూడదు."

"చేపల తట్ట పెట్టుకోని గుంతల్లో పోయేదాన్ని. నాకు చెప్తావా?"

బిగుసుకోకుండా, అటూ ఇటూ ఊగకుండా కూర్చుంది. గాలి నిండా కొట్టిన టైర్లతో సైకిలు గడగడలాడుతూ పోయి ముందే ఆగింది. కొంచెం గాలి తగ్గిస్తే ఇంకా ముందుకు పోయింది. మధులత నమ్మలేదు. మరునాడు పొద్దున్నే, గాలి వీచకముందే మళ్లీ చేయించింది. అదే ఫలితం.

ప్రాజెక్టు చూడడానికి బయటి కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఆమెను నిలదీశాడు.

"ల్యాబులో ఒకటి, రోడ్డు మీద ఒకటా? ఏది తప్పు?"

"రెండూ రైటే సార్. డ్రమ్ము నున్నగా ఉండాది. ఆ రోడ్డులో కంకర పైకి లేచి ఉండాది. టైరు మరీ గట్టిగా ఉంటే ప్రతి రాయికీ సైకిలూ మనిషీ ఎగురుతారు. బలమంతా ఆ కుదుపుల్లోనే పోతుంది."

ఆయన తలూపాడు. "సైకిలు మీద ఎవరు కూర్చున్నారు?"

"మా అమ్మ సార్. బయటే ఉండాది."

పిలిపించారు. రాహేలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది.

"కష్టం కాలేదామ్మా?"

"తొక్కే పనే లేదు గదా సార్. కొలిచిందంతా మా పిల్లే."

ఆ ఏడు ఉత్తమ ప్రాజెక్టు మధులతదే. ఫోటో తీసేటప్పుడు పక్కకు తప్పుకోబోయిన తల్లిని ఆమె చెయ్యి పట్టి లాగింది. రాహేలమ్మ కూతురి భుజం మీద చెయ్యి వేసి, కెమెరా వైపు సూటిగా చూస్తూ నిలబడింది.