రాళ్ళ మధ్య పచ్చిక

పొద్దున్నే గుడ్డసంచీ చంకన పెట్టుకుని గోదాముల వెనక గోడవారన వంగి వంగి నడిచే మనిషిని ఆ వీధిలో అందరూ గడియారాలాయన అంటారు. రిపేరు కొట్టు మూసేసి ఏడేళ్ళయినా పేరు మాత్రం పోలేదు. ఇంట్లో ఉండేది ఆయనా, రెండు కుందేళ్ళూ. వాటికోసం గరిక కోస్తాడు, అడవి తోటకూర లేత కొసలు తుంచుతాడు. తెలియని మొక్క జోలికి పోడు. ఒకప్పుడు గడియారాల్లోకి చూసిన భూతద్దాన్ని కంట్లో బిగించుకుని ప్రతి ఆకునీ తిరగేసి చూస్తాడు. "ఇది పెద్దదానికి, ఇది చిన్నదానికి" అని గొణుక్కుంటూ వాటాలు వేస్తాడు. రోజు మొత్తంలో ఆయన నోరు విప్పేది ఆ కాసేపే.

మొన్న జ్వరం వచ్చి మూడు రోజులు ఎండుగడ్డితోనే సరిపెట్టాడు. నాలుగోనాడు వెళ్ళేసరికి గోడ పొడుగునా మొక్కలన్నీ కలుపుమందు దెబ్బకి పసుపు తిరిగి వాలిపోయి ఉన్నాయి. ఖాళీ సంచీతో ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తోచలేదు. ఏళ్ళ తరబడి ఆ దారి ఊడుస్తున్నా ఏనాడూ పలకరించని ఆవిడ చీపురు ఆపి, గోడ మలుపు అవతలికి చెయ్యి చూపించింది. అక్కడ చుట్టూ రాళ్ళు పేర్చిన మంచమంత జాగా పచ్చగా ఉంది.

"మందు కొట్టేవాళ్ళని అటు రానివ్వలేదండీ. మీ పెద్దదీ చిన్నదీ ఏం తింటాయి మరి? మూడు రోజులు కనబడలేదేంటి, ఒంట్లో బాగాలేదా?"

ఆయన గొంతు సవరించుకున్నాడు. ఇలాంటప్పుడు ఏమంటారో గుర్తు రాలేదు.

"వాటికి చెప్తానమ్మా" అన్నాడు.

ఇంటికి వెళ్ళి, చెప్పులైనా విడవకుండా బోను ముందు కూర్చుని, నిజంగానే చెప్పాడు. మొదటిసారి సరిగ్గా చెప్పలేదనిపించి, మళ్ళీ చెప్పాడు.