నిండు మ్యాగజైన్‌కు బంతిపూల దండ

1996 దసరా. తిరుపతి దగ్గర ఒక సాయుధ కాపలా దళంలో నేను ఆర్మరర్‌ని, అంటే తుపాకులు విప్పి, తుడిచి, బాగుచేసే మనిషిని. వాటి గురించి దళానికి క్లాసులు చెప్పేదీ నేనే. దళం పేరు చెప్పను. జరిగినదాంట్లో తప్పు సగం నాది.

మా దగ్గరున్న వాటిలో నాకు గిట్టనిది స్టెన్ గన్. మొదటి ప్రపంచ యుద్ధంలో కందకాల్లో దగ్గరగా పోరాడటానికి పొట్టి తుపాకీ కావాల్సివచ్చి సబ్‌మెషిన్ గన్లు పుట్టాయి. రెండో యుద్ధంలో ఆయుధాలు చాలక బ్రిటిష్ వాళ్లు గొట్టాలూ రేకులూ అతికించి హడావుడిగా చేసిందే స్టెన్. సైన్యాలు మెరుగైన కార్బైన్లకు మారిపోయినా మాబోటి వాళ్లకు అదే మిగిలింది. దాని బోల్ట్, అంటే తూటాను నెట్టి పేల్చే ఇనుప దిమ్మ, వెనక్కి లాగకుండా ముందుకే ఉన్నా నమ్మడానికి లేదు. నిండు మ్యాగజైన్, అంటే తూటాల డబ్బా, తగిలించి ఉండగా వెనకవైపు బట్ నేలకు గట్టిగా తగిలితే, ఆ దిమ్మ వెనక్కి జారి ముందుకు దూకుతుంది. ట్రిగ్గర్ ముట్టుకోకుండానే పేలుతుంది.

ఆయుధపూజ పొద్దున మ్యాగజైన్లన్నీ ఊడదీసి, తుపాకులు బల్ల మీద పేర్చి, గంధం పూయించాను. క్వార్టర్స్ ఆడవాళ్లు హారతికి వచ్చారు. అందరికంటే ముందు పళ్లెంతో నా భార్య జయమ్మ. నేను లోపలికెళ్లి కర్పూరం తెచ్చేసరికి హవల్దారు మునిరత్నం ఒక స్టెన్‌ను గొట్టం దగ్గర పట్టి ఎత్తి, దానికి బంతిపూల దండ వేస్తున్నాడు. గొట్టం మూతి ఏటవాలుగా జయమ్మ మొహం వైపుంది. తుపాకీ పక్కన తగిలించిన మ్యాగజైన్ కనిపించింది.

"మునిరత్నం, అది ఎవురు పెట్టినారప్పా?"

"నేనే సార్. అది లేకుంటే అంగహీనం గదా, అమ్మోరి ముందర అట్ల పెట్టగూడదు."

"ఖాళీదేనా?"

"ఖాళీది ఎట్ల పెడతాను సార్! గార్డు డ్యూటీది తెచ్చినాను. నిండుగా ఉండాది."

అరిస్తే ఉలిక్కిపడి వదిలేస్తాడు. జయమ్మను జరగమంటే ఎందుకని ఇంకా వంగి చూస్తుంది, ఆమె తీరే అంత. "అట్లే పట్టుకో, కదలగాకు" అంటూ నడిచాను. ఆ నాలుగడుగులూ తరగలేదు. నా మొహం చూసి ఏదో తేడా ఉందని మునిరత్నం పట్టు మార్చుకోబోయాడు. గంధం తడికి తుపాకీ జారింది.

నేలమీద పడి రెండు చేతులూ చాపాను. బట్ నా వేళ్ల మీద పడింది. చిటికెనవేలు చితికింది. పేలలేదు.

మ్యాగజైన్ ఊడదీశాను. మునిరత్నం గోడకు ఆనుకుని కూలబడ్డాడు. "మీరే గదా సార్ క్లాసులో చెప్పినారు, బోల్ట్ ముందరుంటే గన్ను నిద్రపోతా ఉండాదని?"

చెప్పాను. మ్యాగజైన్ లేనప్పుడు మాత్రమే అని చెప్పలేదు. అది అందరికీ తెలిసిందేలే అనుకున్నాను. నాకు తెలిసింది ఎదుటివాడికీ తెలుసనుకోవడం ఎంత ప్రమాదమో ఆ రోజు తెలిసింది.

జయమ్మకు ఏమీ అర్థం కాలేదు. "పూజ పూట ఆ పడడమేంది, కాలు జారిందా?" అంటూ నా వేలికి పసుపు అద్దింది. ఆమె మొహం వంక చూడలేకపోయాను.

అప్పట్నుంచి ప్రతి క్లాసులో ముందు ఒక ఖాళీ స్టెన్ తీసుకుని బట్‌ను నేలకేసి కొట్టేవాణ్ని. బోల్ట్ టక్కున దూకేది. కొత్తవాళ్లంతా అదిరిపడేవారు. వాళ్లకంటే ముందు అదిరిపడేది నేనే.