తల్లి దయ్యం కథకు మా అరుగు తీర్పు

ఆ రోజుల్లో నవల మీద విమర్శ రాయాలంటే పంతుళ్లో పత్రికలవాళ్లో కావాలని అనుకునేవాళ్లం. నేను చదివిన దయ్యాల నవలల్లోకెల్లా భయంకరమైన దాని మీద మాత్రం సోలాపూర్‌లో తెలుగు నేతవాళ్లుండే జోడ్‌భావి పేట్‌లో, మా ఇంటి అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లు తీర్పు చెప్పారు. వాళ్లెవరికీ చదువు రాదు కాబట్టి అది ఎక్కడా అచ్చు కాలేదు. అందుకే నేను రాసి పెడుతున్నాను.

అప్పటికి నాకు పందొమ్మిదేళ్లు. నాయిన పక్కన మగ్గం నేస్తూ, వాచనాలయంలో కళ్లద్దాల కాకా ఇచ్చే మరాఠీ పుస్తకాలు తెచ్చుకుని సొంతంగా చదువు నేర్చినవాణ్ణి. (నేర్చినదానికన్నా చంకలో పుస్తకం పెట్టుకుని తిరిగిందే ఎక్కువ.) మధ్యాహ్నం మగ్గం ఆగిన కాసేపు ఆ నవలను అప్పటికప్పుడు తెలుగు చేసి అరుగు మీద వినిపించేవాణ్ణి. అత్తింటివాళ్లు బావిలో తోసి చంపిన ఒక పడుచు, దయ్యమై రోజూ తన చంటిబిడ్డకు పాలివ్వడానికి వస్తుంది. మొగుడు మళ్లీ పెళ్లాడి, గడపలో మేకులు కొట్టి దయ్యాన్ని వెళ్లగొట్టడానికి మంత్రగాణ్ణి పిలిపిస్తాడు. నేను గొంతు మార్చి దయ్యంలా ఏడిస్తే వింటున్నవాళ్ల వేళ్లు బిగుసుకునేవి. ఎంత పీల్చినా పొగ రానంత గట్టిగా చుట్టారని చుట్టినవి చూసి తీసుకునే బీడీ కార్ఖానా ముకాదం ఒక పూట కట్టలన్నీ విసిరికొట్టాడు. నా ప్రతిభకు దక్కిన మొదటి గుర్తింపు అదే.

భయపడతారనుకుంటే వాళ్లు దయ్యం పక్షం చేరారు. అందరిలోకీ పెద్దది తంబాకు అవ్వ. (చుట్టే తంబాకులో కొంత ఆమె దవడకే పోయేది.) "పాలియ్యనీకొచ్చిన తల్లికి మేకులు కొడ్తడా? తోసినోళ్ల కాళ్లకు కొట్టుమను" అంది. నవలలో చంపినవాళ్లను ఎవరూ ఏమీ అనలేదన్న సంగతి పుస్తకం చదివిన నాకు తట్టనే లేదు.

వాళ్లతో పాటే మా చిన్నమ్మ కూడా బీడీలు చుట్టేది. ఆమె మా అమ్మ చెల్లెలు. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోతే, నన్ను పెంచడానికే ఆమెను నాయినకిచ్చి చేశారు. మాలో ఆచారం ప్రకారం పోయిన అక్క పేరిట చిన్న వెండి బిళ్లను పుస్తెల పక్కనే కట్టుకుంది. కథ సాగుతున్నకొద్దీ ఆమె చెయ్యి బీడీ ఆకు వదిలి ఆ బిళ్ల మీదికి పోయేది.

గడపలో మేకు దిగి, తల్లి ఏడుపు దూరమై నవల ముగిసింది. అందరూ ముక్కులు చీదుకుంటుంటే చిన్నమ్మ అడిగింది.

"పోరన్ని పెంచిన రెండోదుండె గదా. దాని మాటేం రాసిండు?"

"ఏం రాయలే చిన్నమ్మా."

"మా అక్క గిట్లనే వాకిట్లకొచ్చి నిలవడితే నువ్వెవరి దిక్కు పోతవ్ బిడ్డా?"

ఒక్క మాట అంటే సరిపోయేది. నేను గొంతు సవరించుకుని, దయ్యాలు లేవనీ, అవన్నీ మనసు భ్రమలనీ, శాస్త్రాలు ఏమంటున్నాయో (ఒక శాస్త్రం, అందులోనూ మొదటి అధ్యాయం) చెప్పుకుపోయాను. "నీ సదువు జర బంద్ చెయ్యిరా" అంది తంబాకు అవ్వ. చిన్నమ్మ నవ్వి ఆకు కత్తిరించే కత్తెర అందుకుంది. ఆ సాయంత్రం ఆమె చుట్టిన బీడీలు వదులై తంబాకు రాలిపోయింది.

ఆమె మళ్లీ అడగలేదు. ఆమె పోయి చాలా ఏళ్లయింది. పుస్తకం ఇచ్చిన వాచనాలయం కళ్లద్దాల కాకాకు, తీర్పు చెప్పిన తంబాకు అవ్వకు, కట్టలు విసిరికొట్టిన ముకాదానికి దండాలు. చిన్నమ్మకు దండంతో సరిపోదు, జవాబు చెప్పాలి. అమ్మ ముఖం నాకు గుర్తు లేదు. అమ్మే వచ్చి వాకిట్లో నిలబడితే, ఇన్ని పుస్తకాలు చదివిన నేను చేసేది ఒక్కటే. "చిన్నమ్మా, ఎవరో వచ్చిండ్రు, జర చూడు" అంటూ లోపలికి పరుగెత్తుతాను.